ఒంటిగంట మాత్ర ఒంటిగంటకే పడాలి

తిరుపతి ఆసుపత్రుల వార్డుల్లో పనిచేసే సిస్టర్లకు, డ్యూటీ డాక్టర్లకు, మత్తు డాక్టర్లకు, వార్డుల బాధ్యత చూసే అధికారులకు

నమస్కారం.

నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయురాలిని. మా ఇల్లు తిరుపతిలో, కొర్లగుంట వైపు. మా వారు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేశారు. అందులో ఇరవై రెండేళ్లు తిరుమల ఘాట్ రోడ్డు మీదే. తొమ్మిదేళ్ల కిందట ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు అని తేలింది. ఇప్పుడు ఆయనకు అరవై తొమ్మిది, నాకు అరవై నాలుగు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మాయి బెంగళూరులో ఉంటుంది, రెండు నెలలకోసారి వచ్చి నాలుగు రోజులుండి వెళుతుంది.

మీకు చెప్పదలచుకున్నది ఒకటే మాట. పార్కిన్సన్స్ ఉన్న మనిషి ఏ కారణంతో మీ వార్డులో చేరినా, ఇంట్లో ఏ వేళకు మాత్ర వేసుకుంటున్నాడో ఆ వేళకే అక్కడా పడేలా చూడండి. మీకు వీలుకాకపోతే, మంచం పక్కన ఉన్న మమ్మల్ని వేయనివ్వండి. ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మా ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో మీరు వినాలి.

మా రోజు ఆరుగంటల మాత్రతో మొదలవుతుంది. నేను అయిదింటికే లేస్తాను. ఆయన అప్పటికే మేలుకుని ఉంటారు, కానీ కదలలేరు. రాత్రి వేసిన మందు బలం తెల్లవారేసరికి తీరిపోతుంది. మెడ, భుజాలు, నడుము కలిసి ఒకే దుంగలా బిగుసుకుని ఉంటాయి. కళ్లు మాత్రం నా వైపు తిరుగుతాయి. పక్కకు ఒత్తిగిలడం తేలిక కావడానికి పరుపు మీద నడుము ఆనేచోట నా పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర మడిచి పరిచాను. నూలు దుప్పటి ఒంటిని పట్టేస్తుంది, పట్టు జారనిస్తుంది. మంచం అంచున కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించమని చెప్పి, నాలుక మీద మాత్ర పెట్టి నీళ్లిస్తాను. తల వెనక్కి వాల్చి తాగితే నీళ్లు ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం ఉంది. ఆ తరవాత ఎదురుచూడటమే. ఒకరోజు ముప్పై అయిదు నిమిషాలు, ఒకరోజు గంట. మొదట కుడిచేతి బొటనవేలి వణుకు నెమ్మదిస్తుంది. ఆ తరవాత ముఖంలో కదలిక వస్తుంది. "కాఫీ" అని ఆయన నోట మాట వచ్చిందంటే మందు పట్టిందన్నమాట. అప్పటిదాకా నేను గోడ గడియారాన్నీ ఆయన బొటనవేలినీ మార్చి మార్చి చూస్తూ ఉంటాను.

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర అది. దాని సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అయినా తొమ్మిదేళ్లుగా దానితో కాపురం చేస్తున్నదాన్ని కాబట్టి నాకు అర్థమైన తీరులో చెప్పనివ్వండి. మెదడులో లోతుగా ఒకచోట, ఒంటి కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించిపోవడమే ఈ జబ్బు. చేయి వణకడం మొదలయ్యేసరికే వాటిలో సగానికి పైగా పోయి ఉంటాయట. మొదటి సంవత్సరాల్లో మిగిలిన కణాలు, మాత్రలోని లెవోడోపాను డోపమిన్‌గా మార్చి, కొంత దాచుకుని పొదుపుగా వాడుకునేవి. రోజుకు మూడు మాత్రలతో సరిపోయేది. ఒకపూట గంట ఆలస్యమైనా తేడా తెలిసేది కాదు. ఇప్పుడు దాచుకునే చోటు లేదు. రక్తంలో చేరిన మందు గంటన్నరకే సగమైపోతుంది. అందుకే మా డాక్టరు గారు ఆరు, తొమ్మిదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఎనిమిది అని అయిదు వేళలు రాశారు. పడుకునే ముందు నెమ్మదిగా కరిగే రకం ఇంకొకటి. ఈ వేళలు పుస్తకం చూసి రాసినవి కావు. రెండు వారాల పాటు అరగంటకోసారి ఆయన ఎలా ఉన్నారో నేను నోటుపుస్తకంలో గుర్తులు పెట్టి తీసుకువెళితే, ఆ గుర్తులు చూసి డాక్టరు గారు కుదిర్చారు. అరగంట ముందుకు జరిపితే తల ఊగడం, ఒళ్లు మెలికలు తిరగడం. అరగంట వెనక్కి జరిపితే కొయ్యబారడం. ఆ రెండింటి మధ్య సన్నని దారి అది.

మాత్ర వేసిన వెంటనే తిండి పెట్టకూడదు. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి పోయే గుమ్మాల దగ్గర మాంసకృత్తులు ఈ మందుకు అడ్డం పడతాయి. చిత్తూరు వైపు ఇళ్లలో వేరుసెనగ చట్నీ లేకుండా పొద్దున ఇడ్లీ దిగదు. మా ఇంట్లో అది, పప్పు, పెరుగు అన్నీ రాత్రి ఎనిమిదిన్నర తరవాతి భోజనానికి తరలిపోయాయి. పగలు ఇడ్లీలోకి టమాటా పచ్చడి, మధ్యాహ్నం అన్నంలోకి కూర, చారు. ఈ మార్పు అందరికీ అవసరం లేదని, ఆయన విషయంలో మాత్రం పనిచేస్తోందని డాక్టరు గారు అన్నారు. ఆయనకు సంగటి అంటే ప్రాణం. ముద్ద గొంతు దిగడం కష్టమైనప్పటినుంచి రాగిజావ చిక్కగా కాచి ఇస్తున్నాను. పలచని నీళ్లకు పొలమారుతుంది గానీ చిక్కని జావ అదుపుగా దిగుతుంది.

తొమ్మిదిన్నర మాత్ర పట్టాక పదిన్నర నుంచి పన్నెండు వరకు మాకు మంచి వేళ. స్నానం, క్షవరం, బ్యాంకు పని, ఫిజియోథెరపీ, ఎవరైనా చుట్టాలు వస్తే కబుర్లు, అన్నీ ఆ గంటన్నరలోనే. పన్నెండున్నర దాటితే పాదాలు బరువెక్కుతాయి. వెడల్పాటి హాలులో నడిచిన మనిషి వంటింటి గడప ముందు ఆగిపోతారు. నేల పాదాలను పట్టుకున్నట్టు ఉంటుందని ఆయనే చెప్పారు. లాగితే పడిపోతారు. తొందరపెడితే ఇంకా బిగుస్తారు. ఫిజియోథెరపీ అమ్మాయి దీనికి ఒక ఉపాయం చెప్పింది. గుమ్మం ముందు నేల మీద అడ్డంగా గీతలు గీయమంది. వాకిట్లో ముగ్గు వేశాక చేతిలో మిగిలిన పిండితో లోపల అడుగు ఎడంగా ఆరు గీతలు గీస్తాను. నడవబోతే ఆయన కాలు లేవదు, గీతను దాటబోతే లేస్తుంది. తనంతట తానుగా నడిపించే దారి చెడినా, కంటితో చూసి అడుగువేసే దారి మెదడులో ఇంకా మిగిలే ఉందన్నమాట. తాళమూ అలాగే పనిచేస్తుంది. ఇంటి బయట, గీతలు లేనిచోట, ఆయన ఆగిపోయినప్పుడు నేను చెయ్యి పట్టుకుని మెల్లగా "గోవిందా, గోవింద" అంటాను. అలిపిరి దాటి బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టగానే వెనకనుంచి ప్రయాణికులు అనే మాట అది. ఇరవై రెండేళ్లు ఆ మాట వింటూ బండి నడిపినవారు. రెండోసారికో మూడోసారికో కుడికాలు ముందుకు పడుతుంది.

రాత్రుల గురించి ఎక్కువ రాయను. జబ్బు తేలడానికి అయిదారేళ్ల ముందునుంచే ఆయన నిద్రలో బ్రేకు తొక్కేవారు. ఆ తాపు నా పిక్క మీద పడేది. చేతులు గాలిలో స్టీరింగు తిప్పేవి. దిగే దారిలో ఏదో మలుపు కలలోకి వచ్చిందని అనుకుని ఊరుకునేదాన్ని. ఇంచుమించు ఆ రోజుల్లోనే వాసన పట్టడం పోయింది. పొయ్యి మీద నెయ్యి మాడి ఇల్లంతా కమ్మినా ఆయనకు తెలియలేదు. ఈ రెండూ చాలామందిలో వణుకు కంటే ముందే కనిపించే గుర్తులని తరవాత తెలిసింది. ఇవి ఉన్నంత మాత్రాన అందరికీ ఈ జబ్బు వస్తుందని అనడం లేదు. అయితే డాక్టర్లకు ఒక మనవి. మీ దగ్గరకు వచ్చిన ఇల్లాలు "ఆయన నిద్రలో కొడుతున్నారండీ" అని సిగ్గుపడుతూ చెబితే, దాన్ని ఆలుమగల గొడవ కింద తీసిపారేయకండి.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ జబ్బులో మలబద్ధకం మొదటినుంచీ తోడుంటుంది. ముక్కి ముక్కి ఆయనకు గజ్జల్లో హెర్నియా వచ్చింది. కిందటి కార్తీకమాసంలో ఒక రాత్రి అది ఇరుక్కుపోయి, నొప్పితో విలవిల్లాడితే ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ రాయను. అక్కడి సర్జను గారు ఆయన ప్రాణం నిలబెట్టారు, ఆ కృతజ్ఞత నాకు ఉంది. ఆ పదిహేడు రోజుల్లో జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే రాస్తున్నాను.

చేరిన వెంటనే నా సంచిలోని మాత్రల డబ్బా తీసుకున్నారు. వార్డులో మందులు రోగి దగ్గర ఉండకూడదన్నది నియమం. అది మంచి నియమమే. కేస్ షీటులో మాత్ర పేరు సరిగానే ఎక్కింది. దాని ఎదురుగా "రోజుకు మూడుసార్లు" అని రాశారు. మందుల బండి ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి వస్తుంది కాబట్టి మూడుసార్లు. ఉదయం ఆరుకు పడవలసిన మాత్ర ఎనిమిదీ నలభైకి వచ్చింది. అప్పటికే ఆపరేషను కోసం నోటిద్వారా ఏమీ ఇవ్వకూడదని మంచానికి చీటీ కట్టారు. మాత్ర తిరిగి బండిలోకి వెళ్లింది. పదకొండుకు జరగవలసిన ఆపరేషను, అంతకంటే అత్యవసరమైన కేసు రావడంతో సాయంత్రానికి జరిగింది. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ పగలంతా ఆయన ఒంట్లో ఒక్క మాత్ర లేదు.

ఆపరేషను తరవాత వాంతులయ్యాయి. వాంతులు ఆగడానికి మెటోక్లోప్రమైడ్ సూది వేశారు. మీ వార్డుల్లో రోజుకు ఎన్నోసార్లు వేసే సూది. డోపమిన్ చేరవలసిన చోటును అడ్డుకునే మందు అది. ఉన్న కాస్త డోపమిన్‌ను కూడా పనిచేయనివ్వదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ సిస్టరు చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

మర్నాడు పొద్దున ఆయన చెక్కబొమ్మలా ఉన్నారు. రెప్పలు సరిగా పడలేదు. ఉమ్మి మింగలేక చెంప మీదినుంచి దిండు మీదికి కారింది. జ్వరం ఎక్కింది. రాత్రికి గోడ మీద చీమలు బారులు తీరి వస్తున్నాయని గొణుగుతూ సెలైను గొట్టం పీక్కున్నారు. చేతులు రెండూ మంచానికి కట్టేశారు. రెండు చేతులతో బస్సు పట్టుకుని ఇరవై రెండేళ్లు కొండ ఎక్కించి దింపిన మనిషిని ఆ స్థితిలో చూస్తూ, నేను మంచం కింద కూర్చుని ఆయన పాదాలు పట్టుకున్నాను. ఏడవడానికి కూడా భయమేసింది, ఏడిస్తే బయటికి పంపేస్తారని.

నువ్వు చెప్పలేదా అని మీరడగవచ్చు. మొదటి రాత్రి నుంచి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. "పేషెంటు తాలూకు వాళ్లు బయట ఉండండమ్మా." పేషెంటు తాలూకు. ఆ మాటను నేను పదిహేడు రోజులు మోశాను. తొమ్మిదేళ్లుగా ప్రతి మాత్ర వేసినదాన్ని, ఏ వేలు ముందు వణుకుతుందో, ఏ వేళకు గొంతు మూసుకుపోతుందో తెలిసినదాన్ని, వార్డు తలుపు దగ్గర నేను ఆయన తాలూకు మనిషిని మాత్రమే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో చేర్చింది. ఎక్కువ ఆసరా కావలసినవారి సంరక్షకులకు భత్యం ఇవ్వాలన్న ఊసు కూడా అందులో ఉంది. ఆ భత్యం సంగతి వేరే చోట అడుగుతాను. మిమ్మల్ని అడిగేది మంచం పక్కన ఒక స్టూలు, మాత్రల వేళ చెప్పినప్పుడు వినే ఒక్క నిమిషం.

మూడోరోజు అమ్మాయి బెంగళూరు నుంచి దిగి, మా న్యూరాలజిస్టుకు, అంటే నరాల డాక్టరుకు, ఫోను చేసి, ఆ డాక్టరును వార్డు డాక్టరుతో మాట్లాడించింది. ఆ తరవాత అంతా మారింది. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. మామూలు మాత్రను నీళ్లలో కరిగించి, మా వేళల ప్రకారం ఆ గొట్టంలోంచి పంపారు. నెమ్మదిగా కరిగే రకాన్ని మాత్రం నూరకూడదు, నూరితే మందంతా ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని ఆపి మామూలు మాత్రనే సర్దారు. వాంతులకు వేరే మందు రాశారు. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన నా పేరు పిలిచారు. గొంతు వినిపించలేదు, పెదవుల కదలికను బట్టి తెలిసింది. మింగలేని రోగికి మాత్ర ఆపేయడం తప్ప వేరే దారి లేదని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. దారి ఉంది. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆగిపోతే విపరీతమైన జ్వరం, కండరాల బిగువు వచ్చి ప్రాణం మీదికి వస్తుందని ఆ న్యూరాలజిస్టు ఫోనులో అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

నాలుగో రాత్రి డ్యూటీకి ఒక సిస్టరు వచ్చింది. మా అమ్మాయి కంటే చిన్నది. నా నోటుపుస్తకం తీసుకుని చదివింది. కట్టు కట్టే తెల్లని ప్లాస్టరు ముక్క చింపి, దాని మీద పెన్నుతో ఆరు, తొమ్మిదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఎనిమిది అని రాసి మంచం కమ్మీకి అంటించింది. "పెద్దమ్మా, నేను లేనప్పుడు ఎవరు వచ్చినా దీన్ని చూపించండి" అంది. ఆ తరవాత ఎవరితోనూ వాదించవలసిన అవసరం రాలేదు. ఆ ప్లాస్టరు ముక్క ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

ఆ ప్లాస్టరు ముక్క చేసిన పని ప్రతి వార్డులో జరగాలన్నదే నా కోరిక. కేస్ షీటులో "రోజుకు ఇన్నిసార్లు" అని రాయడం మాని గడియారం వేళలు రాయండి. బ్రిటన్‌లో 2018లో వెలువరించిన ప్రమాణం ప్రకారం, ఆసుపత్రిలో ఉన్న పార్కిన్సన్స్ రోగికి లెవోడోపా తన వేళకు అరగంట లోపు అందాలి. మనకు యంత్రాలు అక్కరలేదు, భవనాలు అక్కరలేదు. ఫోనులో అలారం పెట్టుకునే వీలు ఇవాళ రోగి పక్కన కూర్చునే ప్రతి ఒక్కరికీ ఉంది.

మీకెంత పని ఉంటుందో ఆ పదిహేడు రోజులూ కళ్లారా చూశాను. రాత్రివేళ ముప్పై నాలుగు మంచాలకు ఇద్దరు సిస్టర్లు. ఒకరు ఒక మూల రక్తం ఎక్కిస్తుంటే ఇంకొకరు ఇంకో మూల పరుగు. చిత్తూరు, అన్నమయ్య, కడప, నెల్లూరు జిల్లాల జనమంతా వైద్యానికి ఈ ఊరి దారే పడతారు. అలాంటి చోట ఒక్క రోగి కోసం ఒంటిగంటకు వేరుగా రమ్మనడం న్యాయం కాదని మీరంటే కాదనను. అందుకే మమ్మల్ని వేయనివ్వండి అంటున్నాను. డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి. పూటకు కావలసిన మాత్ర నాకు ఇచ్చి సంతకం పెట్టించుకోండి. వేసిన వేళ నేనే కాగితం మీద రాస్తాను, మీరు సరిచూసుకోండి. సందర్శకుల వేళలన్న నియమం నుంచి ఇలాంటి రోగి వెంట ఉన్న ఒక్క మనిషిని మినహాయించే అధికారం మీ సూపరింటెండెంట్లకు ఉంది.

మత్తు డాక్టర్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆపరేషను ముందు ఆహారం ఆపడం తప్పనిసరి, ఎందుకో నాకు తెలుసు. అయినా ఒక గుక్క నీళ్లతో ఈ మాత్ర వేయవచ్చునా, ఎంతసేపటి ముందు వరకు వేయవచ్చును అన్నది మీరే ఆలోచించి షీటు మీద రాయండి. మీరు రాయకపోతే కింద ఉన్నవాళ్లెవరూ ధైర్యం చేయరు. వీలైతే ఆ రోజు జాబితాలో ఇలాంటి రోగిని మొదట పెట్టండి. మొదటి కేసు సాయంత్రానికి వాయిదా పడదు.

డ్యూటీ డాక్టర్లకు ఇంకొకటి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, హాలోపెరిడాల్. ఈ మూడు పేర్లు నేను నా నోటుపుస్తకం అట్ట మీద ఎర్రసిరాతో రాసుకున్నాను. మొదటి రెండూ వాంతులకు, మూడోది రోగి కలవరించి గొడవ చేసినప్పుడు. మూడూ డోపమిన్‌ను అడ్డుకునేవే. ఆయనకు వాంతులు వస్తే మా డాక్టరు గారు డోంపెరిడోన్ ఇస్తారు, అది మెదడులోకి పెద్దగా చేరదు కాబట్టి. రాత్రి రోగి పలవరిస్తే సూదికి ముందు న్యూరాలజిస్టుకు ఒక ఫోను చేయండి. ఎలర్జీ ఉన్న మందుల పేర్లు షీటు మీద ఎర్రగా రాస్తారు కదా, ఈ రోగి షీటు మీద ఈ మూడింటినీ అలాగే రాయండి. అలాగే, ఈ జబ్బున్నవాళ్లలో కొందరు దూలగొండి గింజల పొడి కూడా వాడుతుంటారు. ఆ గింజల్లో సహజంగా లెవోడోపా ఉంది. మీరు కోప్పడతారని చెప్పరు. కోప్పడకుండా అడిగితే చెబుతారు, మోతాదు లెక్క మీకు తెలుస్తుంది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడు ఆయన చెప్పింది ఆరుగురు రోగుల సంగతి. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో వెళుతుండగా చూసి, వాళ్ల నడక తీరు గమనించారు. మీ వార్డులో రోగి పడుకుని ఉంటాడు, నడక కనిపించదు. వణుకు అందరికీ ఉండదు. ముఖం మాత్రం రాయిలా ఉంటుంది. మా వారిని చూసి ఒకరిద్దరు "ఈయనకు కోపం ఎక్కువలా ఉందే" అన్నారు. ఆయన కోపంగా లేరు. ముఖంలోని కండరాలకు నవ్వు అందడం లేదు. "నొప్పి ఉందా?" అని అడిగి, రెండు క్షణాలు చూసి, చెవుడు అనుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. మీరు తలుపు దాటాక ఆయన "ఉంది" అన్నారు. నేను విన్నాను. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. పదో అంకెలోపు జవాబు వస్తుంది, అది సరైన జవాబే అవుతుంది. బుద్ధి చెడలేదు, దారి నెమ్మదించింది.

నేను చదువుకున్నదాన్ని. మందుల పేర్లు చదవగలను, ఉత్తరం రాయగలను, ఫోను చేయడానికి కూతురు ఉంది. అయినా మూడు రోజులు పట్టింది. కుప్పం నుంచో సత్యవేడు నుంచో భర్తను తీసుకువచ్చిన ఇల్లాలు, మాత్రను రంగు బట్టి గుర్తుపెట్టుకున్న మనిషి, మీతో ఎలా వాదిస్తుంది? "పచ్చమాత్ర పొద్దుటినుంచి పడలేదు సిస్టర్" అని ఆమె అంటే, ఆ మాటను ఒక డాక్టరు చెప్పిన మాటంత బరువుగా తీసుకోండి. ఏప్రిల్ 11న ప్రపంచ పార్కిన్సన్స్ దినం. ఆ రోజు అవగాహన సదస్సు పెట్టాలనుకునే ఆసుపత్రులు మమ్మల్ని పిలవకపోయినా ఫరవాలేదు. మీ వార్డు సిస్టర్లను, జూనియర్ డాక్టర్లను ఒక గంట కూర్చోబెట్టి న్యూరాలజిస్టు చేత మాట్లాడించండి. నా నోటుపుస్తకం కావాలంటే తీసుకువచ్చి ఇస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన పూర్తిగా మునుపటి మనిషి కాలేదు. అంతకుముందు తన గడ్డం తానే గీసుకునేవారు. ఇప్పుడు నేను గీస్తున్నాను. ఆ రెండు మూడు రోజులు మాత్రలు వేళకు పడకపోవడమే కారణమని ఖాయంగా చెప్పలేను. జబ్బు తనంతట తానుగా కూడా ముదురుతుంది. కానీ ఆ అనుమానం నన్ను వదలదు.

వచ్చే నెలలో ఆయనకు కుడికంటి శుక్లం తీయించాలి. మళ్లీ మీలో ఎవరో ఒకరి దగ్గరకు వస్తాం. సంచిలో మాత్రల డబ్బా, చిక్కని జావ ఉన్న ఫ్లాస్కు, ఎర్రసిరా పేర్లున్న నోటుపుస్తకం, మంచానికి అంటించడానికి ఒక ప్లాస్టరు చుట్ట ఉంటాయి. తొమ్మిదిన్నర మాత్ర వేశాక ముప్పావు గంటకు ఆయన తల నిలకడగా ఉంటుంది, కంటి మీద పనిచేయడానికి అదే తగిన వేళ. పదింబావుకు పిలవండి. మేము ఎనిమిదింటికే వచ్చి వరండాలో కూర్చుని ఉంటాం.

ఇట్లు,
పార్కిన్సన్స్ ఉన్న ఒక రిటైర్డ్ డ్రైవరు భార్య
తిరుపతి